కాటమరాన్ ఒరగదు, కొత్తవాళ్లకు చిక్కు అక్కడే

సంపాదకులకు,
నమస్కారం.

తెరచాప పడవను వారం రోజులకు అద్దెకు తీసుకుని, దీవుల మధ్య సొంతంగా నడుపుకుంటూ తిరిగే సెలవుల గురించి విహారయాత్రల పేజీల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. చాలావాటిలో ఒకటే మాట: మొదటిసారి వెళ్లేవాళ్లు కాటమరాన్ (రెండు పడవ మొండేలను పక్కపక్కన పెట్టి కలిపిన పడవ) తీసుకోండి, అది ఒరగదు, విశాలంగా ఉంటుంది, రెండు ఇంజన్లుంటాయి కాబట్టి నడపడం తేలిక. ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ మూడు సుగుణాల్లో ప్రతిదానికీ ఒక మెలిక ఉంది, దాన్ని ఎవరూ రాయడం లేదు. ఇలాంటి పడవలు నడపడం నేర్పే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ లోటు కొంతైనా పూడ్చాలని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే లంగరు గురించి రాసింది మాత్రం ఉంచమని మనవి.

ముందు ఒరగకపోవడం సంగతి. ఒకే హల్ (నీటిలో తేలే పడవ మొండెం) ఉన్న పడవ, అంటే మోనోహల్, గాలి పెరిగేకొద్దీ పక్కకు ఒరుగుతుంది. చుక్కాని చక్రం బరువెక్కుతుంది, బల్ల మీద గ్లాసులు జారతాయి, ఎవరో ఒకరు భయపడి తెరచాప తగ్గించమంటారు. ఒరిగిన తెరచాప మీదుగా గాలి కొంత జారిపోతుంది కూడా, కాబట్టి పడవ తన మీద భారాన్ని తానే కొంత దించుకుంటుంది. కాటమరాన్‌లో ఇవేవీ జరగవు. రెండు హల్‌ల మధ్య ఎడమే దాన్ని నిలబెడుతుంది. గాలి ఎంత తోసినా డెక్కు దాదాపు సమంగానే ఉంటుంది. ఆ తోపంతా మాస్ట్ (తెరచాప స్తంభం) మీద, మాస్ట్‌ను పట్టి నిలిపే స్టీలు తీగల మీద, తెరచాప కుట్ల మీద పడుతుంది. లోపల కాఫీ తాగుతున్నవాళ్లకు ఏమీ తెలియదు. తెలిసేసరికి ఏదో ఒకటి తెగి ఉంటుంది.

అందుకే కాటమరాన్‌లో తెరచాపను మనసుకు తోచినప్పుడు కాదు, అంకెను బట్టి తగ్గించాలి. చుక్కాని దగ్గర గానీ పడవతో ఇచ్చే పుస్తకంలో గానీ తయారీదారు రీఫింగ్ (తెరచాపను కొంత మడిచి చిన్నది చేయడం) పట్టిక ఉంటుంది. దాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. సాధారణంగా అసలు గాలి (పడవ కదలికను కలపకుండా వీచే గాలి) 18-20 నాట్లకు (ఒక నాటు గంటకు సుమారు 1.85 కి.మీ.) చేరగానే మొదటి రీఫ్, 25 దగ్గర రెండోది. 30 దాటితే మూడో రీఫ్, అది లేని పడవైతే మెయిన్ (మాస్ట్ వెనుక ఉండే పెద్ద తెరచాప) పూర్తిగా దించేసి, ముందు తెరచాపను కొంత చుట్టి దానితోనే నడవడం. పట్టికలో వేరే అంకె ఉంటే పట్టికదే పైమాట. లెక్కలోకి తీసుకోవాల్సింది సగటు గాలిని కాదు, మధ్యమధ్య కొట్టే విసురును. గాలి తోపు దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 నాట్లు 21 అయితే చూడ్డానికి పెరిగింది ఆరే, తెరచాప మీద తోపు మాత్రం దాదాపు రెట్టింపు.

వెనుక నుంచి గాలి వచ్చేటప్పుడు మోసం ఇంకా ఎక్కువ. అసలు గాలి 22 నాట్లు, పడవ 8 నాట్ల వేగంతో దానితోపాటే పరుగెడుతోంది అనుకోండి. డెక్కు మీద తగిలేది 14 నాట్లే. ఎండగా, హాయిగా ఉంటుంది, తెరచాప మొత్తం విప్పే ఉంటుంది. ఏ కారణం వల్లనైనా పడవను గాలికి ఎదురు తిప్పాల్సి వచ్చిందా, క్షణాల్లో అదే గాలి 27-28 నాట్లయి మీద పడుతుంది, అదీ నిండు తెరచాప మీద. గాలి వేగం చూపే మీటరు, డెక్కు మీద తగిలే గాలిని కాక అసలు గాలిని చూపేలా మొదటి రోజే మార్చుకోండి. అద్దెకిచ్చే బరువైన కాటమరాన్లు బోల్తా పడటం చాలా అరుదు. కానీ పడితే మోనోహల్‌లా తనంతట తాను లేవదు. తిరగబడినా చాలావరకు తేలుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలి ఈదుకుపోకూడదు.

మెయిన్ తెరచాప ఎత్తడానికి ఎలక్ట్రిక్ వించ్ (తాడును చుట్టి లాగే యంత్రం) ఉంటుంది, బటన్ నొక్కితే చాలు అంటారు. చిరుగులు పుట్టేది సరిగ్గా ఆ బటన్ దగ్గరే. ఈ తెరచాప పెద్దది, బరువైనది, దానికి అడ్డంగా, వెడల్పంతా పొడవాటి బద్దలు ఉంటాయి. పైకి వెళ్లేటప్పుడు ఏ బద్ద కొసో పక్కనుండే లేజీ జాక్ తాళ్లలో చిక్కుకుంటుంది. చేత్తో లాగేవాడికి బరువు పెరగడం తెలుస్తుంది, మోటారుకు తెలియదు. అది లాగుతూనే ఉంటుంది, బద్ద విరుగుతుంది, లేదా గుడ్డ చిరుగుతుంది. కాబట్టి ముందు పడవ ముక్కును గాలికి ఎదురు పెట్టి, ఇంజన్లతో ఒకటి రెండు నాట్ల వేగంలోనే ఉంచండి. మెయిన్‌షీట్ (మెయిన్‌ను పట్టి ఉంచే తాడు) వదులు చేయండి, రీఫ్ తాళ్లు ఎక్కడా బిగుసుకోకుండా వదలండి, లేజీ జాక్‌లు సడలించండి. బటన్ నొక్కే మనిషి కాక ఇంకొకరు తల పైకెత్తి తెరచాప పైకొసనే చూస్తుండాలి, చేయి ఎత్తగానే బటన్ ఆగాలి. ఆఖరి మీటరు హ్యాండిల్ పెట్టి చేత్తో బిగించండి. వించ్ మీద తాడు చుట్లు సర్దేటప్పుడు వేరొకరి వేలు బటన్ మీద ఉండకూడదు. నలిగే వేళ్లు సర్దేవాళ్లవే.

చాలా కాటమరాన్లకు మాస్ట్ వెనుక నుంచి పట్టే తీగ ఉండదు, పక్క తీగలే వెనక్కి వాలి ఉంటాయి. అందుకే గాలి వెనుక నుంచి ఉన్నప్పుడు మెయిన్‌ను మోనోహల్‌లో లాగా పూర్తిగా బయటికి వదిలితే ఆ తీగలకు, స్ప్రెడర్లకు (తీగలను మాస్ట్ నుంచి ఎడంగా ఉంచే అడ్డ కడ్డీలు) రాసుకుని అరిగిపోతుంది. వెనుక గాలిలోనే తెరచాపను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చాల్సి వస్తే ముందు మెయిన్‌ను మధ్యకు లాగి, తిప్పి, మళ్లీ నెమ్మదిగా వదలండి.

గాలికి ఎదురు తిరిగి వైపు మార్చడం మోనోహల్ అలవాటున్నవాళ్లకు మొదట్లో కుదరదు. దీని కీల్ (అడుగున నీటిలోకి దిగి ఉండే రెక్క) లోతు తక్కువ. వేగం లేకుండా తిప్పితే గాలికి ఎదురుగా వచ్చి అక్కడే ఆగిపోయి, వెనక్కి జారుతుంది. ముందు మంచి వేగం తెచ్చుకోండి. చుక్కానిని ఒక్కసారిగా విరవకుండా సాఫీగా తిప్పండి. ముందు తెరచాపను వెంటనే వదలకండి. అది అవతలి వైపు నుంచి గాలి పట్టి ముక్కును నెట్టాక, అప్పుడు వదలండి. తనంతట తాను వైపు మారే చిన్న జిబ్ (ముందు తెరచాప) ఉన్న పడవల్లో ఈ సాయం దొరకదు. అక్కడ ముక్కు ఆగిపోతే, తిరగాల్సిన వైపుకు అవతల ఉన్న ఇంజన్‌కు కాస్త ముందు గేరు ఇవ్వండి, ఇందులో చిన్నతనమేమీ లేదు. ఇంజన్ నడుస్తూ గేరులో ఉన్నంతసేపు, తెరచాప విప్పి ఉన్నా సరే, 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాల ప్రకారం మీది మర పడవే. తెరచాప పడవకు దక్కే దారి హక్కు మీకుండదు.

అసలు గాలికి 50-55 డిగ్రీల కంటే దగ్గరగా వెళ్లాలని చూస్తే వేగం చచ్చి పడవ పక్కకు కొట్టుకుపోతుంది. కాబట్టి ఎదురుగాలి ఉండే రోజున దూరం చిన్నది పెట్టుకోండి. మామూలు రోజుకు 25-30 నాటికల్ మైళ్లు చాలు. గంటకు 6 చొప్పున అదే ఐదు గంటల పని, మధ్యాహ్నం మూడింటికల్లా లంగరు వేసేయొచ్చు. చాలా కంపెనీల ఒప్పందంలో చీకటి పడ్డాక నడపకూడదన్న షరతు ఉంటుంది. పగడపు దిబ్బలున్న చోట్ల సూర్యుడు నడినెత్తిన గానీ వెనుక గానీ ఉన్నప్పుడే నీటి రంగు చూసి లోతు పోల్చుకోగలం. ఎదురెండలో మొత్తం అద్దంలా మెరుస్తుంది. స్క్రీన్ మీది సముద్ర పటాన్ని జూమ్ తగ్గించి చూస్తే చిన్న దిబ్బలు మాయమవుతాయి, మీరు వెళ్లే దారంతా దగ్గరికి జూమ్ చేసి ఒకసారి చూడండి.

ఇక రెండు ఇంజన్లు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెడితే కాటమరాన్, దుక్కి చివర ట్రాక్టరు ఒక చక్రానికి బ్రేకు తొక్కి తిరిగినట్టు, ఉన్నచోటే తిరుగుతుంది. ఇది చూసి జనం మురిసిపోతారు. గాలి లేనప్పుడు నిజంగానే తేలిక. అయితే 42 అడుగుల కాటమరాన్ ఏడు మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది, నీటిలో దిగేది ఒకటింబావు మీటరు, నీటి పైన మాత్రం గోడలా లేస్తుంది. 15 నాట్ల అడ్డగాలిలో రేవు గట్టుకు మెల్లగా, జాగ్రత్తగా వెళ్దామనుకుంటే ఆ జాగ్రత్తే కొంప ముంచుతుంది. నెమ్మదించిన కొద్దీ పడవ పక్కకు జారుతుంది. ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకుని, స్థిరమైన వేగంతో వెళ్లి, చివర్లో ఆపాలి. కుదరట్లేదనిపిస్తే బయటికి వచ్చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

చుక్కానిని మధ్యలో బిగించి పెట్టి గేర్లతోనే నడపండి. ముందు, న్యూట్రల్, వెనక్కి: చిన్న చిన్న తోపులు. గాలి వచ్చే వైపు తాడు ముందు కట్టాలి, అది పడితే మిగతావి తీరిగ్గా కట్టుకోవచ్చు. చుక్కాని ఒక పక్కన ఉండే పడవల్లో అవతలి వెనుక మూల నడిపేవాళ్లకు అసలు కనిపించదు. అక్కడ ఒకరు నిలబడి దూరాన్ని మీటర్లలో చెప్పాలి. "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు, "మూడు, రెండు, ఒకటి" అనాలి. ఫెండర్లు (గట్టుకు రాసుకోకుండా పెట్టే దిండ్లు) రెండు పక్కలా వేలాడదీశాక ఒకటి చేతిలో పట్టుకుని తిరిగే మనిషిని పెట్టండి. కాళ్లూ చేతులూ అడ్డం పెట్టి పడవను ఆపాలని చూడొద్దని అందరికీ ముందే చెప్పండి. అది పది టన్నుల పైచిలుకు బరువు. వెనక్కి వచ్చేటప్పుడు డింగీ (వెనుక కట్టి లాక్కెళ్లే చిన్న పడవ) తాడును పొట్టిగా కట్టండి, లేకపోతే అదే మొదట ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

ఒక ఇంజన్ చెడిపోతే? కుడి ఇంజనొక్కటే ఉంటే పడవ ఎడమకు సులభంగా తిరుగుతుంది, కుడికి తిరగాలంటే ముందు వేగం కావాలి, అప్పుడే చుక్కాని నీటిని పట్టుకుంటుంది. ఇది మొదటి రోజు ఖాళీ నీటిలో ఒకసారి చేసి చూసుకుంటే అసలు రోజున చేతులు వణకవు.

లంగరు గురించి. రాత్రి నిద్ర పట్టడం దీని మీదే ఆధారపడి ఉంటుంది. లేత రంగులో కనిపించే ఇసుక మీద వేయండి. గడ్డి మీద లంగరు కరవదు. గొలుసు లెక్కలో చాలామంది తప్పేది ఇక్కడ: లోతుకు ఐదు రెట్లు గొలుసు వదలాలంటారు కదా, నీటి లోతు 5 మీటర్లు అని 25 మీటర్లు వదిలేస్తారు. లోతును నీటి పైభాగం నుంచి కాదు, గొలుసు పడవను వదిలే చోటు నుంచి లెక్కించాలి. 5 మీటర్ల లోతు, నీటి పైన ముక్కు ఎత్తు ఒకటిన్నర, రాత్రి పోటుకు పెరిగే నీరు ఒకటి అనుకుంటే మొత్తం ఏడున్నర. ఐదు రెట్లంటే 37.5 మీటర్లు. గాలి పెరుగుతుందన్న సూచన ఉంటే ఏడు రెట్లు, అంటే 52 దాటుతుంది. పడవలో గొలుసు మొత్తం ఎంతుందో, మీటర్ల గుర్తులు ఏ రంగులో ఉన్నాయో అందుకే ముందే అడగాలి. లోతు మీటరు చూపేది నీటి పైభాగం నుంచా, కీల్ కింద నుంచా అన్నది కూడా. దాని సెన్సర్ తరచూ ఒక హల్‌లోనే ఉంటుంది, ఏ హల్‌లోనో తెలిస్తే దిబ్బల దగ్గర ఆ వైపుతో మెల్లగా ముందుకు పోవచ్చు.

పడవను పూర్తిగా ఆపి లంగరు దించండి. అది నేలను తాకాక, పడవ వెనక్కి జారుతుండగా గొలుసును కొంచెం కొంచెంగా వదలండి. ఒక్కచోట కుప్పగా పోస్తే గొలుసు లంగరుకే చుట్టుకుంటుంది. తర్వాత బ్రైడల్. రెండు ముక్కుల నుంచి వచ్చే రెండు సమానమైన తాళ్లు కలిసే చోట ఒక కొక్కెం ఉంటుంది, దాన్ని గొలుసుకు తగిలించి, ఇంకొంత గొలుసు వదలాలి, బరువంతా ఆ రెండు తాళ్ల మీదికి వచ్చి, లంగరు ఎత్తే మోటారు వైపు గొలుసు వదులుగా వేలాడేదాకా. ఒక్కో తాడు కనీసం రెండు ముక్కుల మధ్య దూరమంతైనా ఉండాలి. బ్రైడల్ లేకుండా వదిలేస్తే పడవ రాత్రంతా ఎడమకూ కుడికీ ఊగులాడుతుంది, ఊగిన ప్రతిసారీ లంగరును పక్కకు గుంజుతుంది. ఆ కుదుపులన్నీ లంగరు మోటారు పళ్ల మీద పడతాయి, అది బరువు ఎత్తడానికి చేసింది, రాత్రంతా పట్టుకుని ఉండటానికి కాదు.

బ్రైడల్ తగిలించాకే రెండు ఇంజన్లనూ వెనక్కి వేయండి. అర నిమిషం ఐడిల్‌లో, తర్వాత మెల్లగా నిమిషానికి 1500 చుట్ల దాకా పెంచి ఇంకో అర నిమిషం. ఆ సమయంలో ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి వరుసలో ఉన్న రెండు వస్తువులను, చెట్టు, దాని వెనుక కొండ కొస లాంటివి, పక్కకు చూసి పెట్టుకోండి. వరుస చెదురుతూనే ఉంటే లంగరు జారుతోంది, తీసి మళ్లీ వేయాల్సిందే. వరుస నిలిస్తే ఇంజన్లు ఆపి, మాస్క్ పెట్టుకుని ఒకరు నీటిలోకి దిగి లంగరు ఇసుకలో కూరుకుందో లేదో కళ్లారా చూడండి. మోనోహల్‌ల పక్కన లంగరు వేస్తే దూరం ఎక్కువ ఉంచండి. ప్రవాహం ఉన్నచోట వాటి లోతైన కీల్ ప్రవాహాన్ని అనుసరిస్తుంది, కాటమరాన్ గాలిని అనుసరిస్తుంది. తెల్లవారుజామున రెండూ ఎదురెదురుగా తిరిగి ఉంటాయి.

లంగరు తీసేటప్పుడు మోటారుతో పడవను లాగకండి. ఇంజన్లతో ముందుకు వెళ్లి, వదులైన గొలుసును మాత్రమే మోటారుతో ఎత్తండి. భారం ఎక్కువైతే బ్రేకర్ పడిపోతుంది. ఆ బ్రేకర్ ఎక్కడో సోఫా కిందో, హల్‌లో మంచం పక్కనో ఉంటుంది. అది ఎక్కడుందని పడవ తీసుకునేటప్పుడే అడగండి.

లంగరు బదులు కట్టుబోయ (పడవ కట్టుకోవడానికి నీటిలో నిలిపిన తేలే గుండు) దొరికితే, ఎడమ ముక్కు నుంచి ఒక తాడు దాని కన్నంలోంచి వెళ్లి మళ్లీ ఎడమ ముక్కుకే రావాలి, కుడి నుంచి ఇంకొకటి కుడికే. ఒకే తాడును ఎడమ నుంచి కుడికి వేస్తే పడవ ఊగినప్పుడల్లా రంపంలా కోసుకుని తెల్లారేసరికి తెగుతుంది.

విశాలం అన్న మాటకు వస్తే, చోటు ఉంది కదా అని నింపడమే తప్పు. కాటమరాన్‌కు బరువంటే పడదు. రెండు హల్‌లను కలిపే డెక్కు అడుగు నీటికి ఎంత దగ్గరైతే అలలు అంత గట్టిగా అడుగు నుంచి బాదుతాయి. ఆ చప్పుడు మొదటిసారి విన్నవాళ్లు పడవ విరిగిందనుకుంటారు. 600 లీటర్ల నీళ్లంటే 600 కిలోలు. గట్టి సూట్‌కేసులు వద్దు, మడిచి దాచుకునే సంచులే తెచ్చుకోమనండి. ఎదురు అలల్లో వేగం తగ్గించండి, ముందు వైపు రెండు హల్‌ల మధ్య ఉన్న వల మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. హల్ పక్కనుండే చిన్న కిటికీలు, నీటికి దగ్గర్లో ఉండే అత్యవసర ద్వారం పడవ కదులుతున్నంతసేపు మూసే ఉండాలి.

కంపెనీ మీకు పడవ అప్పగించేటప్పుడు రెండు మూడు గంటలు పడుతుంది, తొందర పడవద్దు. ఉన్న గీతలన్నీ వీడియో తీయండి. రెండు ఇంజన్లనూ నడిపి ఎగ్జాస్టు నుంచి నీరు పడుతోందో లేదో చూడండి. నీరు రాకపోతే సముద్రపు నీటి ఫిల్టర్‌లో చెత్త పడి ఉంటుంది, లేదా వాల్వు మూసి ఉంటుంది, ఇంజన్ వెంటనే ఆపాలి. ఆయిల్, కూలెంట్ ప్రతి ఉదయం రెండింటికీ చూడాలి. ఒకటి చూసి రెండోది బాగానే ఉందనుకోవద్దు. లైఫ్‌జాకెట్లు మనుషుల లెక్కకు, పిల్లల కొలతలకు సరిపోవాలి. ఫ్లేర్ల (ఆపదలో వెలిగించే సంకేతాలు) గడువు, లైఫ్‌రాఫ్ట్ సర్వీసు తేదీ, గ్యాస్ వాల్వు, బిల్జి పంపులు (అడుగున చేరే నీటిని తోడేవి) రెండు హల్‌లలో విడివిడిగా, అత్యవసర చుక్కాని కర్ర, అన్నీ చేత్తో తాకి చూడండి. లెడ్ ఆసిడ్ బ్యాటరీలను వాడకం ఆపి కాసేపు వదిలాక 12.2 వోల్టుల కిందికి పోనివ్వకండి. టాయిలెట్‌లో కాగితం వేయొద్దన్నది పిల్లలకు రెండుసార్లు చెప్పండి, సెలవు మధ్యలో ఆ పైపు విప్పే పని ఎవరికీ వద్దు. డిపాజిట్‌లో దేనికి కోత పడుతుందో చదవండి. డింగీ పోయినా, అడుగు నేలకు తగిలినా బీమా వర్తించని ఒప్పందాలున్నాయి.

కాగితాలు దేశాన్ని బట్టి మారతాయి. క్రొయేషియాలో నడిపేవారి లైసెన్సుతో పాటు వీహెచ్ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా అడుగుతారు. గ్రీసులో నడిపేవారే కాక అనుభవం ఉన్న రెండో మనిషి ఉండాలి. మధ్యధరాలో ఓడరేవులోకి వచ్చేటప్పుడు దారి చూపే ఎర్ర బోయ ఎడమ వైపు ఉంటుంది, కరీబియన్‌లో కుడి వైపు. ఒకచోట నేర్చుకుని ఇంకోచోటికి వెళ్లేవాళ్లు దీన్ని మొదటి ఉదయమే గుర్తు చేసుకోవాలి.

మోనోహల్ సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్లు మొదటి రెండు రోజులకు కంపెనీ స్కిప్పర్‌ను (పడవ నడిపే మనిషిని) తీసుకుంటే మంచిది. కానీ ఆయన చేత నడిపించుకుని మీరు కూర్చుంటే డబ్బు దండగ. చుక్కాని మీరే పట్టుకోండి. ఖాళీ నీటిలో ఒక బోయ పక్కన ఆపి నిలపడం, అడ్డగాలిలో వెనక్కి నడపడం, ఒక ఇంజన్‌తో రెండు వైపులా తిప్పడం, నడుస్తూ నడుస్తూ రెండో రీఫ్ వేయడం, లంగరు రెండుసార్లు వేసి తీయడం, ఇవన్నీ ఆయన పక్కనుండగా మీ చేత్తో చేయండి. మూడో రోజు ఆయన్ను దించేస్తారో, ఇంకో రోజు ఉంచుకుంటారో అప్పుడు చూసుకోవచ్చు.

ఇట్లు,
తెరచాప పడవలు నడపడం నేర్పే కొందరు పాఠకులు